క్యాథరీనా గడప

మా అత్తగారు మాణిక్యమ్మగారు పోయిన కొన్నేళ్ళకి జర్మన్ ఆవిడ అయిపోయారు. పేరు క్యాథరీనా. పందొమ్మిదో శతాబ్దపు మనిషి, భర్తకి పిండిమిల్లు, కొప్పు మీద తెల్ల టోపీ. ఈ సంగతి నాకు అయిదు డాలర్లు పెట్టి టికెట్ కొనుక్కుని, ఒకప్పుడు మేము కాపురం చేసిన ఇంట్లోకి టూరిస్టుగా అడుగుపెట్టాక తెలిసింది. అప్పటినుంచీ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు. అందుకని మండుతుండగానే రాస్తున్నాను.

ఊరు ఒహాయోలో. కౌంటీ పేరు రాయను. రాస్తే చదివినవాళ్ళలో నలుగురు సరదాపడి వెళ్ళి టికెట్లు కొంటారు, ఆ పుణ్యం నాకొద్దు. మొక్కజొన్న చేలు, సోయా చేలు, వాటి మధ్య చర్చి శిఖరాలు, వాటి మధ్య గోధుమరంగు బోర్డులు. ఆ కౌంటీలో పాతబడిన ప్రతిదానికీ ఒక బోర్డు ఉంది. కప్పు ఉన్న చెక్క వంతెనకి ఉంది, ఒంటిగది బడికి ఉంది, ఇద్దరు ఖైదీలు పడితే మూడోవాడు బయట కూర్చోవాల్సిన రాతి జైలుకి ఉంది, గుండ్రటి పశువుల కొట్టానికి ఉంది. ఎవరో సెనేటరు ఎన్నికల ప్రచారానికి పోతూ గుర్రానికి నీళ్ళు పట్టించిన తొట్టికి కూడా ఉంది. ఆ బోర్డు మీద గుర్రం పేరు కూడా రాశారు.

పోయినేడాది అక్టోబరులో కొలంబస్‌లో స్నేహితుల అమ్మాయి పెళ్ళికి వెళ్ళి మేముండే ట్రాయ్‌కి తిరిగొస్తుంటే మోహన్ ఉన్నట్టుండి హైవే దిగేశాడు. మోహన్ నా భర్త, డాక్టరు, అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడని మనిషి. “ఒకసారి ఇల్లు చూసి పోదాం,” అన్నాడు. అంతే. మిల్లు దగ్గర మలుపు తిరగ్గానే కనబడింది. ఎర్ర ఇటుకల ఇల్లు, తెల్ల కిటికీలు, మేమున్నప్పుడు లేని కొత్త రంగు, కొత్త కంచె, ముందు చారిత్రక గృహమని బోర్డు. వరండాలో పొడుగాటి గౌను, తెల్ల టోపీ వేసుకుని ఒక ముసలావిడ టికెట్లు చింపుతోంది. దగ్గరికెళ్ళి చూస్తే మార్లీన్. మా పక్కింటి మార్లీన్! ఎనభై దాటినా నడుం వంగలేదు. నన్ను గట్టిగా కావలించుకుని, మోహన్ చెంపలు నొక్కి, “డాక్టర్ మో! జుట్టంతా ఏం చేశావ్?” అంది. అని, వెంటనే గైడ్ గొంతు పెట్టి మిగతా జనాన్ని కేకేసి, మమ్మల్నీ గుంపులో కలిపేసింది.

ముందు గుమ్మం దగ్గర ఆగింది. గడప మీద ప్లాస్టిక్ అద్దంలాంటి పలక బిగించారు, పక్కన చిన్న లైటు పెట్టారు. లోపల ఓక్ చెక్క. చెక్క గీతల్లోకి ఇంకిపోయిన పసుపు. దానిమీద వరసగా మాసిన ఎర్రచుక్కలు. మార్లీన్ చిలకలా అప్పచెప్పింది. మిల్లు యజమాని భార్య క్యాథరీనా చెడు ఇంట్లోకి రాకుండా స్వయంగా వేసిన రంగు ఇది, పాత జర్మన్ గ్రామాల ఆచారం, కౌంటీ మొత్తంలో ఇలాంటిది ఇదొక్కటే, దీన్ని ‘క్యాథరీనా గడప’ అంటారు. ఆ కుటుంబం అంతరించాక ఇల్లు చాలాకాలం ఖాళీగా పడి ఉంటే హిస్టారికల్ సొసైటీ వారు కాపాడారు. లోపలి గడపలన్నిటికీ ఇదే నమూనాలో రంగు వేయించారు, గమనించగలరు. గమనించాను. నిగనిగలాడే ఆయిల్ పెయింటు, టెన్నిస్ బంతి రంగు, మీద స్టెన్సిల్ పెట్టి అచ్చుగుద్దిన చుక్కలు. బయట దుకాణంలో అదే నమూనాతో కాఫీ కప్పులు కూడా అమ్ముతున్నారు. చెప్పడం అయ్యాక మార్లీన్ నావైపు తిరిగి కన్నుగీటి, “మీ అత్తగారికి కూడా ఇదంటే ఎంత ప్రాణమో కదా!” అంది.

నాకు మాట రాకపోవడం మోహన్ మొదటిసారి చూశాడు.

ఇక్కడ ఆగి అసలు సంగతి చెప్పాలి. మేము ఆ ఇంటికి వచ్చింది న్యూయార్క్‌లో ఆ రెండు భవనాలు కూలిన సంవత్సరం, ఆకులు రాలుతున్నప్పుడు. డాక్టర్లు రాని పల్లె కౌంటీల్లో మూడేళ్ళు పనిచేస్తే వీసా ముడి విప్పుతామని గవర్నమెంటు పెట్టిన షరతు ఒకటుంది. మోహన్ లాంటి వాళ్ళంతా ఆ షరతు మీదే అమెరికా మ్యాపులో పేరు లేని చోట్లకి చేరారు. ఊళ్ళో చిన్న ఆసుపత్రి, ఆసుపత్రి వాళ్ళ చేతిలో ఈ పాత ఇల్లు. డాక్టరుకి ఇల్లు కావాలి, ఇంటికి అద్దెకొచ్చేవాడు కావాలి. ఆంధ్రా యూనివర్సిటీలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి, లెక్చరర్ ఉద్యోగం వదులుకుని, పనిచేసే హక్కు లేని డిపెండెంట్ వీసా మీద వచ్చిన నేను. మాతో ఉండడానికి తెనాలి దగ్గర్నుంచి వచ్చిన అత్తయ్య. వచ్చిన మర్నాడే మార్లీన్ ఒక అమెరికా జెండా తెచ్చి, మమ్మల్ని అడక్కుండానే వరండా స్తంభానికి కట్టింది. “ఇది ఉంటే మంచిది, హనీ. జనం ఈ రోజుల్లో ఒకలా ఉన్నారు,” అంది. అత్తయ్య ఆ జెండాని పైకీ కిందకీ చూసి, “ఇదేందే, మన ఇల్లు పోస్టాఫీసు అనుకున్నారా?” అని నన్నడిగారు.

ఇల్లు చూడ్డానికి రాజభవనం, ఉండడానికి నరకం. కిటికీలు రంగు కొట్టి కొట్టి అతుక్కుపోయి తెరుచుకునేవి కావు. పోపు వేస్తే పొగ బయటికి పోదు, స్మోక్ అలారం గోల పెట్టేది. అత్తయ్య కుర్చీ ఎక్కి దానికి షవర్ క్యాప్ తొడిగేవారు. నేల ఒకవైపుకి వాలి ఉండేది, నిమ్మకాయ జారితే వంటింట్లోంచి హాల్లోకి వచ్చేది. గదుల్ని వేడిచేసే రేడియేటర్లు మాత్రం ఆవిడకి వరం. ఇనప పట్టీల మీద తడిగుడ్డ పరిచి దానిమీద దోసెల పిండి గిన్నె పెడితే, బయట మంచు మోకాలి లోతున్నా తెల్లారేసరికి పిండి మూత తోసుకుని పొంగేది. ఇల్లంతా పులిసిన పిండి వాసన, ఇనుము వాసన, పాత కర్ర వాసన కలిసి ఒక వాసనగా ఉండేది. ఇప్పటికీ ఏ పాత హోటల్లోనైనా రేడియేటర్ వేడెక్కుతుంటే నాకు దోసె తినాలనిపిస్తుంది. పెరట్లో విడిగా ఒక చిన్న ఇటుక గది, ఎండాకాలంలో ఇల్లు వేడెక్కకుండా వంట అక్కడ చేసుకునేవారట పూర్వం. అది చూసి ఆవిడ మొహం విప్పారింది. “చూశావా, వీళ్ళకీ తెలివుంది. వంటిల్లు విడిగా కట్టుకున్నారు,” అని, చేపల పులుసు, పచ్చళ్ళు అన్నీ అక్కడికి మార్చేశారు. ఇప్పుడు ఆ గదిలో ప్లాస్టిక్ మొక్కజొన్న పొత్తులు, మైనంతో చేసిన రొట్టె పెట్టారు. గోడకి పట్టిన నువ్వులనూనె జిడ్డు, మసి మీద కొత్త సున్నం వేశారు.

మార్లీన్ ప్రతి వేసవీ మోయలేనన్ని జుకినీలు తెచ్చి మా మెట్ల మీద పడేసేది. “ఇదేందమ్మా, సొరకాయ అవుదామా దోసకాయ అవుదామా అని ఆలోచిస్తా ఆగిపోయినట్టుంది,” అంటూనే అత్తయ్య వాటితో రోటిపచ్చడి చేసేవారు. రోలు లేదు కాబట్టి మిక్సీ పచ్చడి, కానీ పేరు రోటిపచ్చడే. ఒక డబ్బాలో కొంత మార్లీన్‌కి వెళ్ళేది. ‘మాణిక్యమ్మ’ నోరు తిరగక ఆవిడని ‘మాని’ అని పిలిచే మార్లీన్ ఇంగ్లీషులో, ఈవిడ గుంటూరు తెలుగులో, వరండాలో గంటల తరబడి మాట్లాడుకునేవారు. నేను మధ్యలో అనువాదం చేయబోతే ఇద్దరూ చిరాకుపడేవారు. “నువ్వు లోపలికి పో అమ్మా, మేం బానే మాట్లాడుకుంటున్నాం,” అని పంపేసేవారు. ఏం మాట్లాడుకున్నారో ఆ ఇద్దరికే తెలియాలి. మోకాళ్ళ నొప్పులు, కోడళ్ళు అయి ఉంటాయి. వాటికి భాష అక్కర్లేదు.

ఇక గడప. శుక్రవారం పొద్దున్నే స్నానం చేసి, తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని, స్టీలు గిన్నెలో పసుపు కలుపుకుని ఆవిడ ముందు గుమ్మం బార్లా తెరిచేవారు. తడిగుడ్డతో తుడవడం, మూడువేళ్ళతో ఆ చివర్నించి ఈ చివరిదాకా పసుపు పూయడం, ఉంగరం వేలితో కుంకుమ బొట్లు. జనవరిలో కూడా. చీర మీద మోహన్ పాత స్వెట్టరు, తలకి మంకీ క్యాప్, కాళ్ళకి రెండు జతల సాక్సు. గుమ్మంలోంచి దూసుకొచ్చే గాలికి ఇంట్లో వేడంతా పోయేది, హీటర్ మొరాయించేది. మా ఇద్దరికీ వారం వారం యుద్ధం.

“అత్తయ్యా, ఎవరు చూస్తారని? ఈ మంచులో పోస్ట్‌మ్యాన్ తప్ప ఇంకో మనిషి రాడు.”

“పోస్టుమ్యాన్ మనిషి కాదా? గడప బోడిగా ఉంటే ఇంట్లోకి అడుగెయ్యబుద్ధి అవుద్దా?”

“అద్దె ఇల్లు. రేపు వెళ్ళేటప్పుడు మరకలని డబ్బు కోస్తారు.”

“కోస్తే కోశారు. ఉన్నన్నాళ్ళు మన ఇల్లే. నువ్వు కాలేజీలో పసుపు మీద పాఠాలు చెప్పావు గానీ, ఏనాడన్నా గడపకి పూశావా?”

నేను నాస్తికురాలిని. అప్పుడూ పూయలేదు, ఇప్పుడూ పూయను. ఆ వాదనలో నేను చెప్పిందే సరైందని ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ ఒకటి ఒప్పుకోవాలి, ఆ దేశంలో, ఆ ఊళ్ళో, ఆ ఇంటిని ‘మన ఇల్లు’ అన్న మనిషి మా ముగ్గురిలో ఆవిడొక్కరే. మోహన్‌కి అది డ్యూటీకి దగ్గరి క్వార్టరు. నాకు జైలు. మూడేళ్ళు పూర్తయ్యాక కూడా మోహన్ కదల్లేదు, ఆసుపత్రిలో ఇంకో డాక్టరు దొరకలేదు, రోగులు వదల్లేదు. అలా ఏడేళ్ళు గడిచాయి. ఆ ఏడేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం అత్తయ్య ఆ రేడియేటర్ పక్కన కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తీస్తూ అలాగే పోయారు. ఊళ్ళో సగం మంది వచ్చారు, వాళ్ళు వండి తెచ్చిన క్యాస్రోల్ గిన్నెలు మా ఫ్రిజ్‌లో పట్టలేదు. దహనం చేశాం, అస్థికలు కృష్ణానదిలో కలిపాడు మోహన్. కౌంటీ సమాధుల తోట కూడా ఆ టూర్‌లో భాగమే ఇప్పుడు, పాచిపట్టిన ప్రతి రాయినీ చూపిస్తారు. ఆవిడకి అక్కడ రాయి లేదు. ఆ గడప తప్ప ఈ దేశంలో మాణిక్యమ్మగారు బతికినట్టు చెప్పేది ఏదీ లేదు. మేము ట్రాయ్‌కి మారిపోయాక చలిగాలి ఆపడానికి ఆసుపత్రి వాళ్ళు దానిమీద అల్యూమినియం రేకు బిగించారు. కొన్నాళ్ళకి ఆసుపత్రే మూతపడింది. ఇల్లు సొసైటీ చేతికొచ్చింది, రేకు ఊడదీస్తే కింద పసుపు అలాగే ఉంది. దాన్ని తీసుకెళ్ళి ఆ క్యాథరీనాకి కట్టబెట్టారు.

ఆ రోజు టూర్ అయ్యాక మార్లీన్‌ని పెరటి మెట్ల మీద కూర్చోబెట్టి అడిగాను. “మార్లీన్, నీ కళ్ళతో చూశావు. ప్రతి శుక్రవారం చూశావు. మరి ఆ కథ ఎలా చెప్తున్నావు?”

మార్లీన్ నిజంగానే తెల్లబోయింది. “మాని దాన్ని దిద్దుతోంది అనుకున్నాను, హనీ. కింద పాతది ఉంది, ఈవిడ శ్రద్ధగా మళ్ళీ మళ్ళీ రంగు దిద్దుతోంది అనుకున్నాను. ఎంత బాగా చూసుకుంటోంది ఇంటిని అని గ్లెన్‌కి కూడా చెప్పాను.”

నవ్వాలో తన్నాలో తెలియలేదు. ఏడేళ్ళు పక్కన కూర్చుని పచ్చడి తిన్న మనిషి! ఆవిడకి కూడా, మా అత్తగారు చేసినది ఏదైనా మరొకరు మొదలుపెట్టింది అయి ఉండాలనే తోచింది.

గ్లెన్ అంటే సొసైటీ అధ్యక్షుడు. రిటైరైన హైస్కూలు మాస్టారు, బో టై. వాళ్ళమ్మ గుండెని మోహన్ మూడుసార్లు కాపాడాడు. ఫోన్ చేస్తే ఎంతో మర్యాదగా, “డాక్టర్ గారి కుటుంబమా! మీరు ఆసుపత్రి పక్క అపార్ట్‌మెంట్లలో ఉండేవారు కదూ?” అన్నాడు. ఉండేవాళ్ళం కాదు, మీరు మా హాల్లో కూర్చుని బీపీ చూపించుకుని రెండు కప్పుల టీ తాగారు అన్నాను. తర్వాత, వచ్చే శనివారం కమిటీ సమావేశం ఉంది, వచ్చి మీ ‘అనుభవాలు’ పంచుకోండి అన్నాడు. అనుభవాలట! నేను చెప్పేవి అనుభవాలు, ఆయన చెప్పేది చరిత్ర.

మోహన్ వద్దన్నాడు. “ఎందుకు, వదిలెయ్. ఎవరో ఒకరి పేరుమీద అన్నా జాగ్రత్తగా ఉంచారు కదా.” నేను వదిలే మనిషినైతే ఆయనకి ఈ పాతికేళ్ళు ఎంతో ప్రశాంతంగా గడిచి ఉండేవి. వెళ్ళాం.

ముందు గుమ్మం దగ్గరే నిలబడ్డాం, కమిటీ వాళ్ళు ఓ ఆరేడుగురు, మార్లీన్, మేమిద్దరం. పైన పలక తీయించాను. “ఇది పసుపు. కూరల్లో వేసుకునే పసుపు. పెయింటు కాదు. నేను కెమిస్ట్రీ చదివాను, చూపిస్తాను,” అన్నాను. పసుపు మీద క్షారం పడితే ఎర్రబడుతుంది. మా ఊళ్ళో సున్నం కలిపి పారాణి చేసే ప్రతి ఆడపిల్లకీ తెలుసు. అద్దాలు తుడిచే అమోనియా సీసా వాళ్ళ బీరువాలోదే తెప్పించి, గడప మూలన ఒక్కసారి చిమ్మాను. అందరూ వంగి చూస్తుండగా పసుపు కాస్తా ఇటుకరంగుకి తిరిగింది. ఒకావిడ “ఓ మై!” అంది. నేను నడుం మీద చేతులు పెట్టుకుని గ్లెన్ మొహం చూశాను.

గ్లెన్ మొహం వెలిగిపోయింది. “అద్భుతం! అంటే క్యాథరీనా తూర్పుదేశాల మసాలా దినుసులు తెప్పించుకునేదన్న మాట! మిల్లు వ్యాపారం ఎంత దూరం పాకిందో చూడండి!”

ఒట్టు. అక్షరం మార్చకుండా రాస్తున్నాను. సముద్రాలు దాటించి, కాలవ పడవెక్కించి, గుర్రబ్బండి మీద ఒహాయో పల్లెకి పసుపు మోయించడానికి ఆయన సిద్ధం. పసుపున్న చోట ఒక తెలుగావిడ ఉండి ఉంటుందని మాత్రం ఆయన బుర్రకి తట్టదు.

అప్పుడు మార్లీన్ టోపీ తీసి చేతిలో పట్టుకుంది. “కాదు గ్లెన్. మాని పూసింది. డాక్టర్ మో వాళ్ళమ్మ. నేను చూశాను. చలికాలం స్వెట్టరేసుకుని, చిన్నపిల్లల టోపీ లాంటిది పెట్టుకుని, అక్కడ గొంతుక్కూర్చుని. ఏదో పాడుకునేది కూడా.” ఆ పాట సంగతి నాకూ తెలియదు. నేను ఆ టైములో వంటింట్లో హీటర్‌ని తిడుతూ ఉండేదాన్ని. మోహన్ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

గెలిచాననుకున్నాను. బోర్డు మీద ఏం రాయాలో కూడా మనసులో రాసేసుకున్నాను. గ్లెన్ గొంతు సవరించుకున్నాడు. “చాలా సంతోషం. చాలా విలువైన సమాచారం. అయితే ఇది మన కాలానికి చెందినది కాదన్న మాట.”

“మన కాలం ఏమిటి?”

ఓపిగ్గా, తరగతిలో వెనకబెంచీ పిల్లకి చెప్పినట్టు చెప్పాడు. ప్రతి చారిత్రక గృహానికీ ఒక కాలం నిర్ణయించుకుంటారట. ఈ ఇంటికి మిల్లు యజమాని కాలం. ఆ తర్వాత చేరినవి ఏవైనా సరే తొలగించి ఇంటిని ఆ కాలానికి తీసుకుపోవాలి. అది పద్ధతి. “ఇందులో వ్యక్తిగతం ఏమీ లేదు, మేడమ్.”

“మనిషి గురించి మాట్లాడుతుంటే వ్యక్తిగతం లేదంటారేంటి?” అన్నాను. “మీ ఎగ్జిట్ బోర్డు క్యాథరీనా పెట్టిందా? ఆ లైటు? ఆ వెనక ఫ్లష్ టాయిలెట్? మీ కాఫీ కప్పులు? వాటన్నిటికీ లేని కాలం మా అత్తగారి వేళ్ళకి వచ్చిందా? నిన్నటిదాకా కౌంటీ మొత్తంలో ఇదొక్కటే అన్నారు. ఇప్పుడూ ఇదొక్కటే. నిన్నటికీ ఇవాళ్టికీ మారిందేమిటో చెప్పండి.”

“అవి వసతులు, మేడమ్,” అన్నాడు గ్లెన్. కమిటీలో ఒకాయన గడియారం చూసుకున్నాడు. మరొకావిడ నా భుజం తట్టి, మీరు ఎంత బాధపడుతున్నారో అర్థమైంది, వంటల పండగలో ఒక ఇండియన్ స్టాల్ పెట్టకూడదూ అంది. మోహన్ నన్ను మోచెయ్యి పట్టుకుని కారు దగ్గరికి తీసుకొచ్చాడు. దారంతా తిట్టాను. హైవే మీద మూడుసార్లు ఎగ్జిట్ దాటించాడు పాపం.

ఇంటికొచ్చాక కూడా ఊరుకోలేదు. చెక్కని ముట్టుకోవద్దని, తీసేట్టయితే మాకివ్వమని ఫోన్లు చేశాను, ఈమెయిళ్ళు పంపాను. కమిటీ ఆలోచిస్తోందని జవాబు. మా ట్రాయ్ ఇంటికి అసలు గడపే లేదు. గరాజ్ తలుపు పైకి లేస్తుంది, కారు లోపలికి పోతుంది, మనుషులం వాషింగ్ మెషీన్ పక్కనుంచి ఇంట్లోకి జారుకుంటాం. ముందు తలుపు పిజ్జా కుర్రాడికి తప్ప తెరవం. కిటికీలు చక్కగా తెరుచుకుంటాయి, చిమ్నీ పొగ లాగేస్తుంది, నేల సమంగా ఉంది, ఏ వాసనా లేదు. మా సబ్‌డివిజన్‌లో సగానికి పైగా ఇళ్ళు తెలుగువాళ్ళవే. వందేళ్ళ తర్వాత ఏ సొసైటీ వచ్చి తవ్వినా ఏ ఇంట్లో ఎవరున్నారో చెప్పే మరక ఒక్కటి దొరకదు. అంత శుభ్రంగా బతుకుతున్నాం. ఆ పాతింట్లో అంత నరకంలో బతికినావిడ మాత్రం మరక పెట్టి పోయారు.

మార్చిలో మార్లీన్ ఫోన్ చేసింది. సీజన్ మొదలయ్యేలోపు మరమ్మతులని వడ్రంగులొచ్చారట. గడప పెళ్ళగించారట. “నాకివ్వమని అడిగాను, హనీ. గ్లెన్ సరే అన్నాడు. కారు తీసుకుని తిరిగొచ్చేసరికి చెత్త లారీ వెళ్ళిపోయింది.” ఏడుస్తోంది. ఫోన్ మోహన్ చేతికిచ్చాను. ఆయన చాలాసేపు విని, “థాంక్యూ మార్లీన్,” అని పెట్టేశాడు.

“పోనీలే,” అన్నాడు నాతో. “అమ్మ ఏమన్నా ఆ చెక్కలో ఉందా?”

“లేదు. మరెక్కడుంది, చెప్పు.”

తర్వాత నాకు తట్టింది ఇంకోటి. ఆ చెక్క నిజంగా క్యాథరీనా కాలందే. ఓక్ దూలంలోంచి ఆ మిల్లు యజమానే కోయించినది. పైన మా అత్తగారి పసుపు ఉంది కాబట్టి, కింద తమ సొంత చరిత్రని కూడా చెత్తలో పారేసుకున్నారు. ఆ స్థానంలో కొత్త చెక్క తెచ్చి, వెనిగర్, ఇనప పీచు పట్టించి నల్లగా, పాతగా కనబడేట్టు చేశారట.

మే నెలలో, మొదటి టూర్ రోజున, మోహన్‌కి చెప్పి ఒక్కదాన్నే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. మళ్ళీ అయిదు డాలర్లు. పదిమంది దాకా ఉన్నారు, చాలామంది ముసలివాళ్ళు, ఇద్దరు పిల్లలతో ఒక తల్లి. గైడ్ మార్లీనే. నన్ను చూసింది, చూడనట్టు టోపీ సర్దుకుంది. ఇటుకల గురించి చెప్పింది, కిటికీల గురించి చెప్పింది. గుమ్మం దగ్గరికి వచ్చాం. పలక లేదు, లైటు లేదు. మార్లీన్ ఒక్క క్షణం ఆగింది. ఆ నల్లచెక్క వైపు చూసింది. నావైపు చూసింది. “ఆ కుటుంబం తర్వాత ఇల్లు కొంతకాలం ఖాళీగా ఉంది. రండి, భోజనాల గది చూద్దాం,” అని లోపలికి నడిచింది.

గడప మీద నిలబడకూడదని మా ఇళ్ళల్లో మాటలు రాని పిల్లలకి కూడా నేర్పుతారు. అత్తయ్య బతికుండగా ఆ ఇంట్లో నేను నాస్తికురాలినై ఉండి కూడా ఎన్నడూ నిలబడలేదు. కానీ ఇప్పుడక్కడ ఉన్నది గడప కాదు, వెనిగర్ పట్టించిన చెక్క. రెండు కాళ్ళూ దానిమీద ఆనించి, రెండు చేతులూ రెండు ద్వారబంధాలకి పెట్టి నిలబడ్డాను. మార్లీన్ లోపల, మిగతా జనం బయట. ఎవరూ కదలడానికి లేదు.

“ఎక్స్‌క్యూజ్ మీ?” అంది పిల్లల తల్లి.

“ఒక్క నిమిషం,” అన్నాను. “ఇల్లు ఖాళీగా లేదు. మార్లీన్, ఎవరున్నారో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

లోపల మార్లీన్ నన్నే చూస్తోంది, టోపీ చేతిలోకి వచ్చింది గానీ మాట రాలేదు. అప్పుడు నేను జనం వైపు తిరిగి మా అత్తగారి పేరు చెప్పాను. ఒకసారి కాదు, ఆ తల్లీ ఇద్దరు పిల్లలూ తిరిగి సరిగ్గా పలికేదాకా చెప్పాను. పలికినవాళ్ళని లోపలికి వదిలాను.